ఎండిన బోరు కూడా బోరే

(మన సంఘం కార్తీక వనభోజనాల సందర్భంగా దేవరగట్టు దిగువన జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం. ప్రసంగించినవారు గ్రామీణ నీటి సరఫరా పనులలో రిగ్గు మీద పనిచేసి పదవీ విరమణ పొందిన సభ్యులు. – సం.)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీరు బోర్ల గురించి చెప్పండి, అది తప్ప మీకింకేం తెలుసు" అన్నారు. అది నిజమే కనుక ఒప్పుకున్నాను.

పెన్షనర్ల సభలో బోర్ల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. రిటైరు కాగానే మన చేతికి గ్రాట్యుటీ, కమ్యుటేషను డబ్బు వస్తుంది. ఆ డబ్బు మన ప్రాంతంలో మూడు దారుల్లో పోతుంది. ఇంట్లో పెళ్ళి, టౌనులో ఇల్లు, సొంత ఊళ్ళో చేను. ఇంటికైనా చేనుకైనా మొదట పిలిచేది బోరు బండినే. ముప్ఫై ఏళ్ళ సర్వీసు సొమ్ము ఒక్క రాత్రిలో ఆరున్నర అంగుళాల రంధ్రంలోకి పోవడం నేను కళ్ళారా చూశాను. డబ్బు పోయినవాళ్ళ బాధ అందరికీ తెలుసు. ఆ రంధ్రం తరువాత ఏమవుతుందో ఎవరూ పట్టించుకోరు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

ముందు మన నేల సంగతి. ఈ గట్టు మీద కనిపించే గుండురాయే మన కాళ్ళ కింద కూడా ఉంది. పైన ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడి, ఇంకొన్ని చోట్ల ఎర్రనేల. దాని కింద సుద్దలాగా మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి రాయి. కోస్తాలో ఇసుక మేటల మధ్య నీరు తడిబట్టలో ఉన్నట్లు అంతటా ఉంటుంది. మనకు అలా కాదు. మెత్తబడిన రాతి పొరలో కొంత, గట్టి రాతి పగుళ్ళలో కొంత, అంతే. మనవాళ్ళు "గ్యాప్ తగిలింది" అనేది ఆ పగులు తగిలినప్పుడే. లోతుకు పోయేకొద్దీ పైనున్న రాతి బరువుకు పగుళ్ళు మూసుకుపోతాయి, అరుదవుతాయి. ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వానలో భూమిలోకి దిగేది కొద్ది భాగం. ఆ కొద్దినే మనమందరం పంచుకోవాలి. తుంగభద్ర దిగువ కాలువ కింద ఉన్నవారికి కొంత ఊరట ఉంది. హొళగుంద, ఆలూరు మెట్టల్లో ఆ ఊరట కూడా లేదు.

మన తాతల కాలంలో కపిలె బావులుండేవి. ఎద్దులు తోడగలిగినంతే నీరు, బావి ఊరినంతే సేద్యం. 1967 కరువు కాలంలో యునిసెఫ్ వారు గాలి ఒత్తిడితో రాతిని కొట్టే సుత్తి రిగ్గులు మన దేశానికి తెప్పించారు. నెలల తరబడి మందుపెట్టి పేల్చి తవ్వే రాతిని అవి గంటల్లో దూసుకుపోయాయి. 1970ల చివర ఇండియా మార్క్ టూ చేతిపంపు వచ్చింది. తాగునీటికి ఆ రెండూ చేసిన మేలు చెప్పలేనిది. గినియా పురుగు వంటి జబ్బులు దిగుడుబావులతోపాటు వెనకబడ్డాయి. ఆ పనిలో నా పాలు కొంత ఉందని నాకు ఇప్పటికీ గర్వమే. తరువాత తమిళనాడు తిరుచెంగోడు నుంచి రిగ్గులు ఊరూరికీ వచ్చాయి, సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాయి. అక్కడి నుంచి లెక్క మారింది. చేతిపంపు అడిగేది బిందెడు. మోటారు కరెంటున్నంతసేపూ లాగుతుంది.

ఒక సంగతి చెబుతాను. ఆ పెద్దమనిషి అనుమతి తీసుకునే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. ఉపాధ్యాయుడిగా రిటైరై, మూడెకరాల మెట్టలో దానిమ్మ పెడదామనుకున్నాడు. మొదటి బోరు 280 అడుగులు, దుమ్ము లేచింది. రెండోది 350, అరంగుళం నీళ్ళు, నెలకే ఆగింది. మూడోది వేసేటప్పుడు నన్ను పిలిచాడు. రాత్రి పదకొండయింది. బండి మీది మనిషి "సార్, ఇంకో నూరడుగులు పోదాం" అంటాడు. ఈయన నా వైపు చూస్తాడు. ఆయన భార్య చేతిలో టార్చి పట్టుకుని, "అన్నా, మీరైనా చెప్పండి, ఇంక చాలనండి" అంటుంది. నేను చాలన్నాను. ఆయన విన్నాడు, ఆ రాత్రికి. వారం తరువాత ఇంకొక బండి పిలిచి నాలుగోది 600 అడుగులు వేయించాడు. ఫలితం చెప్పనక్కరలేదు.

మరుసటి ఏడు నేను ఆ చేనికి వెళ్ళాను. నాలుగు రంధ్రాలూ అలాగే ఉన్నాయి. రెండింటి మీద బండరాళ్ళు, ఒకదాని మీద యూరియా సంచి కట్టి తాడు చుట్టారు. నాలుగోదానికి కేసింగు పైపు పీకి అమ్మేశారు, నోరు తెరుచుకుని ఉంది. చుట్టూ జొన్న మొలిచింది. పక్క చేను గొర్రెల కాపరి పిల్లలు అక్కడే ఆడుకుంటున్నారు.

2017 జూన్‌లో చేవెళ్ళ దగ్గర పద్దెనిమిది నెలల పాప ఇలాంటి బోరులోనే పడింది. మూడు రోజులు యంత్రాలు, సిబ్బంది శ్రమపడినా ప్రాణం దక్కలేదు. 2019 అక్టోబరులో తిరుచిరాపల్లి జిల్లాలో రెండేళ్ళ పిల్లవాడు అలాగే పోయాడు. 2006లో కురుక్షేత్ర దగ్గర ఒక బాబును ప్రాణాలతో తీశారు కనుక దేశమంతా పండగ చేసుకుంది. బతికిన ఆ ఒక్కడిని అందరం గుర్తుంచుకున్నాం, పోయినవాళ్ళను మరచిపోయాం.

ఈ ప్రమాదాల మీద సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరి 11న స్వయంగా విచారించి ఉత్తరువులిచ్చింది, అదే ఏడు ఆగస్టులో వాటిని సవరించింది. మన కుటుంబాల్లో వాటిని చదివినవారు తక్కువ కనుక సారాంశం చెబుతాను. బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. రిగ్గు నమోదై ఉండాలి. పని జరిగేచోట యజమాని పేరు, బోరు వేసేవారి పేరు, చిరునామాలతో బోర్డు పెట్టాలి. చుట్టూ కంచె వేయాలి. కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి. అది భూమిపైన 30 సెంటీమీటర్లు, లోపల 30 సెంటీమీటర్లు ఉండాలి. పైపు మూతిని ఇనుప పలకతో వెల్డింగు చేయాలి, లేదా బోల్టులతో గట్టి మూత బిగించాలి. మోటారు రిపేరుకు తీసినప్పుడు కూడా రంధ్రం తెరిచి ఉంచరాదు. బురద గుంటలు, కాలువలు పూడ్చి నేలను మొదటిలాగే చేయాలి. పనికిరాని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, గులకరాళ్ళు, బోరు పొడి వంటివాటితో నింపాలి.

నింపడానికి ఎంత ఖర్చని అడుగుతారు. లెక్క వేద్దాం. ఆరున్నర అంగుళాల వ్యాసం, 400 అడుగుల లోతు ఉన్న రంధ్రం ఘనపరిమాణం సుమారు 92 ఘనపుటడుగులు. అంటే ఒక ట్రాక్టరు ట్రాలీ. బోరు వేసేటప్పుడు పైకొచ్చిన పొడి అక్కడే కుప్పగా ఉంటుంది. చాలావరకు దానితోనే నిండుతుంది. పైన రెండు మూడడుగులు బంకమట్టి దట్టించి సిమెంటు వేస్తే పని పూర్తి. ఇద్దరు కూలీలకు ఒక రోజు పని. లక్షలు పోసి వేసిన బోరుకు ఒక రోజు కూలి దండగ అనిపించడం నాకెప్పుడూ అర్థం కాలేదు. బోరు వేయించినవాడు దానిని చూడలేక ఆ వైపుకే పోడు, అసలు కారణం అదే అనుకుంటాను.

ఇంతవరకూ కంటికి కనిపించే ప్రమాదం గురించి. కనిపించనిది ఇంకొకటుంది, నా దృష్టిలో అది ఇంకా పెద్దది.

పైనుంచి మురుగు, ఎరువుల నీరు లోపలి నీటికి చేరకుండా మట్టి, మెత్తని రాయి కొంతవరకు వడపోతగా పనిచేస్తాయి. బోరు ఆ వడపోతను దాటి నేరుగా కిందికి వేసిన గొట్టం. దానిని కాపాడేది కేసింగు ఒక్కటే. కేసింగు మెత్తని పొరలన్నీ దాటి గట్టి రాతిలో కూర్చోవాలి. బయట చుట్టూ ఖాళీ లేకుండా బంకమట్టితోనో సిమెంటుతోనో మూయాలి. కానీ కేసింగుకు అడుగుల లెక్కన వేరే డబ్బు. యజమాని "ఇంక చాల్లే" అంటాడు, బండివాడు సరేనంటాడు. కొన్నాళ్ళకు వాన పడినప్పుడల్లా పంపులో ఎర్రనీళ్ళు వస్తాయి. ఎమ్మిగనూరు వైపు ఒక ఊరిలో అలాంటి పంపు నీళ్ళు తాగి వీధి వీధంతా వాంతులు, భేదులతో మంచాన పడ్డారు. పైపు ఎంత దిగిందో చూస్తే మెత్తని పొర సగం దాకా కూడా లేదు. పక్కనే పశువుల దొడ్డి. ఇంకేం కావాలి?

ఇంకొక అలవాటు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. టౌన్లలో ఇంటి ఆవరణలో వేసిన బోరు ఎండిపోతే, సెప్టిక్ ట్యాంకు నిండిన నీటిని పైపు వేసి ఆ బోరులోకి వదిలేవాళ్ళున్నారు. చదువుకున్నవాళ్ళే, మనలాంటి ఉద్యోగులే. "ఎన్నేళ్ళయినా నిండదండీ, చాలా సౌకర్యం" అని ఒకాయన నాతోనే మెచ్చుకోలుగా అన్నాడు. ఎక్కడికి పోతోంది మరి? రాతి పగుళ్ళ గుండా పక్కింటివారి బోరులోకి, ఆ పక్క వీధి చేతిపంపులోకి. బోరు ఎండిందంటే దానికి నీళ్ళు అందడం లేదని అర్థం. పగుళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఎండిన బోరు కూడా బోరే. అది మన స్థలంలో ఉన్నా, దాని అడుగు ఊరుమ్మడి నీటిలో ఉంది.

మరి ఎండిన బోరులోకి వాననీరు ఇంకించవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. ఇంకించవచ్చు. మిద్దె మీది నీరైతే ఇంకా మంచిది. కానీ చేలో పారే నీటిని అలాగే వదలకూడదు. బోరు చుట్టూ గుంత తవ్వి కింద పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆపైన ఇసుక పరచి, కేసింగుకు ఆ గుంత లోతులోనే చిల్లులు వేసి జాలీ చుట్టాలి. ఏటా వానలకు ముందు పైపొర ఇసుక మార్చాలి. ఇది చేసే ఓపిక లేనివాళ్ళు పూడ్చేయడమే మేలు.

ఇక వేసే ముందు సంగతి. టెంకాయ అరచేతిలో పెట్టుకుని చేను తిరిగేవాళ్ళనూ, వేపపుల్ల పట్టేవాళ్ళనూ నేను ఎగతాళి చేయను. వాళ్ళలో కొందరికి వంకలు, చెట్లు, నేల రంగు చూసి అంచనా కట్టే అనుభవం ఉంది, టెంకాయ దానికి అలంకారం. అయితే పగులు ఎక్కడుందో చెప్పడానికి భూమిలోకి కరెంటు పంపి నిరోధం కొలిచే పద్ధతి ఉంది. భూగర్భజల శాఖవారు చేస్తారు. అదీ నూటికి నూరు నిజం కాదు కానీ, వద్దన్నచోట వేయకుండా ఆపుతుంది. 2020 సెప్టెంబరులో మొదలైన ఉచిత బోర్ల పథకంలో కూడా సర్వే చేసిన తరువాతే బోరు అని నియమం పెట్టారు. సర్వేకంటె చవకైనది ఇంకొకటుంది. చుట్టూ ఉన్న పది బోర్లవాళ్ళను అడగండి, ఎంత లోతున నీళ్ళు తగిలాయి, ఇప్పుడెంత వస్తున్నాయి అని. అందరివీ 200 అడుగుల్లోపు తగిలితే, మీరు 600 పోయి ఏం తెస్తారు?

2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి, రిగ్గులు నమోదు కావాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల సేద్యపు బోరు వేయరాదు. మనం సర్వీసులో ఉన్నప్పుడు ఫైళ్ళ మీద ఎన్నో నియమాలు రాసి పంపాం. ఇప్పుడు మన చేనికి వచ్చేసరికి బండిని రాత్రిపూట పిలవడం బాగుండదు.

బండి వచ్చాక ఎవరో ఒకరు దగ్గర నిలబడాలి. రాడ్డు పొడవు ముందే అడిగి రాడ్లు లెక్కపెట్టండి, కేసింగు పైపులు లెక్కపెట్టండి. ఏ లోతున ఏ రంగు పొడి వచ్చిందో, ఎక్కడ తడి తగిలిందో కాగితం మీద రాయించండి. ఇంజనుకు ఒలికిన ఆయిలు రంధ్రం చుట్టూ చేరనివ్వకండి. బురద నీరు పక్కవాడి పైరులోకి పోకుండా చిన్న గుంట తవ్వించండి. ముఖ్యంగా ఆ కుర్రాళ్ళ సంగతి చూడండి. ఎండు రాతి పొడిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. గాలితోపాటు కొద్దిగా నీరు కలిపి కొడితే దుమ్ము లేవదు. నీటి ట్యాంకు తేలేదని పొడిగా కొట్టే బండిని ఆపే హక్కు డబ్బిచ్చే మీకుంది. నాతోపాటు పనిచేసిన ఇద్దరు హెల్పర్లు పెన్షను వయసు దాకా రాలేదు. అప్పట్లో దగ్గంటే బీడీ మీదికి నెట్టేవాళ్ళం.

భూమిని తొలిచే పని చిన్నదైనా పెద్దదైనా ధర్మం ఒకటే. 1995 జనవరి 8న తూర్పు గోదావరిలో పాసర్లపూడి గ్యాసు బావి అదుపు తప్పి 65 రోజులు మండింది. ఆ మంటను టీవీలో చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. అంత పెద్ద పరిశ్రమలోనూ భద్రతకు మూలం కేసింగు, సిమెంటు, మూతి మీది కవాటమే. మన దగ్గరే 2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం నిల్వలు చూసేందుకు 68 రంధ్రాలు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళు కదిలాయి. నవంబరులో ఆ పని ఆపుతున్నట్లు జిల్లా అధికారులు ప్రకటించారు. యురేనియం కావాలా వద్దా అనే వాదనలోకి నేను పోను. ఆ ఊళ్ళవాళ్ళ భయం మా బావులు, మా నీళ్ళు ఏమవుతాయని. అడగవలసిన ప్రశ్నే. కానీ 68 రంధ్రాల గురించి అంత గట్టిగా అడిగిన మనం, ఒక్కొక్క ఊళ్ళో మన చేతులతో వేసి వదిలేసిన వందల రంధ్రాల గురించి ఒక్కసారైనా అడిగామా?

ఏమీ చేయలేమని మాత్రం అనకండి. పదిహేనేళ్ళ కిందట మన జిల్లాతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని లెక్కకట్టిన పథకం ఒకటి నడిచింది. ఆంగ్ల అక్షరాలు కలిపి 'ఏపీఫామ్స్' అనేవారు. ఆరేడు తరగతులు చదివిన ఆడవాళ్ళు, మగవాళ్ళు వానమాపకం చూసి, బోర్లలో టేపు దించి నీటిమట్టం కొలిచి, ఊరి గోడ మీద రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరింత, వరి వేస్తే ఇంత, శనగ వేస్తే ఇంత అని లెక్క చూసుకునేవారు. ఎవరినీ నిర్బంధించలేదు. లెక్క చూసి చాలామంది తామే వరి తగ్గించారు. పథకం ముగిసింది. లెక్క నేర్చినవాళ్ళు ఉన్నారు. మనం కూడా లెక్కలు రాసి బతికినవాళ్ళమే కదా.

కనుక నాదొక ప్రతిపాదన. మన సభ్యులు ఒక్కొక్కరు తమ సొంత ఊరికి ఒక కాగితం రాసి తేవాలి. ఊళ్ళో పని చేయని బోర్లు ఎన్ని, ఎవరి చేలో, మూత ఉందా లేదా, లోతెంత, కేసింగు ఉందా. లోతు తెలియకపోతే తాడుకు రాయి కట్టి దించండి. లోపల ఏముందో చూడాలంటే మధ్యాహ్నం అద్దంతో ఎండను లోపలికి కొట్టండి, టార్చికంటె బాగా కనిపిస్తుంది. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. ఆ జాబితా ఒక ప్రతి పంచాయతీకి, ఒక ప్రతి తహసీల్దారుగారికి సంఘం పేరుతో పంపుదాం. మూతలకు డబ్బు లేనివారుంటే సంఘం నిధి నుంచి ఇద్దామని కార్యవర్గం ముందు పెడుతున్నాను. మొదటి కాగితం నేను తెచ్చాను. మా ఊళ్ళో తెరిచి ఉన్నవి పదకొండు. ఇందాక చెప్పిన ఉపాధ్యాయ మిత్రుని నాలుగింటిలో మూడు మొన్న ఆదివారం పూడ్చాం. నాలుగోదానికి వాననీటి గుంత కడుతున్నాడు, కంకర దిగింది, ఇసుక రావాలి.

కాగితాలు కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి, భోజనానికి ముందే తీసుకోండి. అటు విస్తళ్ళు వేస్తున్నారు, ఇంక నేను ఆపకపోతే నన్నే పూడ్చేలా ఉన్నారు.